జోకు పేలకపోతే ఏం చేశాడు? డేవిడ్ లెటర్‌మన్ గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే.

నాకిచ్చిన అంశం "స్టాండప్ నుంచి టీవీ హోస్ట్ దాకా". ఈ హాల్లో సగం మంది వారాంతాల్లో కెఫేల్లో ఓపెన్ మైకులు చేసేవాళ్ళే కాబట్టి, ఆ దారేదో చెప్తానని ఆశపడి వచ్చి ఉంటారు. దారి తెలిస్తే నేనే పోయేవాణ్ణి కదా, ఇక్కడెందుకు నిలబడతాను. (నవ్వులు) అందుకని ఒక్క మనిషి గురించి మాత్రం చెప్తాను. డేవిడ్ లెటర్‌మన్. అమెరికాలో 33 ఏళ్ళ పాటు అర్ధరాత్రి టాక్ షో నడిపాడు, రెండు చానెళ్ళలో కలిపి 6,028 ఎపిసోడ్లు. మీలో చాలామందికి ఈయన మన వాట్సాప్ గ్రూపుల ద్వారానే తెలిసుంటాడు. 2005లో ఐశ్వర్యారాయ్ ఆ షోకి వెళ్తే, నువ్వు అమ్మానాన్నలతోనే ఉంటావా, ఇండియాలో అది మామూలేనా అని అడిగాడు. ఆవిడ, మాకు అమ్మానాన్నలతో కూర్చుని భోంచేయాలంటే అపాయింట్‌మెంట్ తీసుకోవాల్సిన పన్లేదండీ అన్న అర్థంలో జవాబిచ్చింది. హాలంతా చప్పట్లు. ఆ క్లిప్పు మనవాళ్ళు ఇప్పటికీ పండక్కీ పబ్బానికీ ఫార్వార్డ్ చేస్తూనే ఉంటారు, మన పిల్ల తెల్లోడి నోరు మూయించింది అని.

నేను ఆ క్లిప్పుని వేరేగా చూస్తాను. ఆవిడ జవాబు బాగుంది, కాదనను. కానీ ఆ జవాబు పేలడానికి చోటు ఇచ్చింది ఎవరు? తన షోలో, తన కుర్చీలో కూర్చుని, తనమీద జోకు పడుతుంటే అడ్డుపడకుండా పడనిచ్చినవాడు. అది తెలియకుండా జరిగేది కాదు. ఆ విద్య అతను ఎక్కడ నేర్చుకున్నాడనేదే ఇవాళ నా గొడవంతా.

ముందే ఒక మాట అనేస్తాను, అభిమానులుంటే కోప్పడకండి. లెటర్‌మన్ గొప్ప స్టాండప్ కమెడియన్ కాదు. 1970ల చివర్లో లాస్ ఏంజెలెస్ క్లబ్బుల్లో స్టేజీ మీద దుమ్ము లేపేవాడు ఎవరంటే జే లెనో పేరు చెప్పేవాళ్ళు, లెటర్‌మన్ కూడా అదే చెప్పేవాడు. ఇతని బలం వేరే చోట ఉంది. జోకు తుస్సుమన్న తర్వాతి రెండు సెకన్లలో ఉంది. మీరంతా ఆ రెండు సెకన్లకి భయపడతారు, వాటర్ బాటిల్ ఎత్తి నీళ్ళు తాగుతారు, నేను చూశాను. (నవ్వులు) అతను అక్కణ్ణుంచే పని మొదలుపెట్టేవాడు.

పుట్టింది 1947 ఏప్రిల్ 12న, ఇండియానా రాష్ట్రం ఇండియానాపొలిస్‌లో. నాన్న హ్యారీకి పూల దుకాణం. అమ్మ డొరతీ చర్చిలో సెక్రటరీ. నాన్న నలుగురిలో గోల చేసి నవ్వించే రకం, అమ్మ గుంభనంగా ఉండే మనిషి; కొడుకులో ఇద్దరూ ఉన్నారు, ఎవరు ఎప్పుడు బయటికొస్తారో చెప్పలేం. నాన్నకి ముప్పై ఆరేళ్ళకే గుండెపోటు వచ్చింది. అప్పటికి బతికి బయటపడ్డాడు కానీ 1973లో, యాభై ఏడేళ్ళకి మళ్ళీ వచ్చింది, ఈసారి పోయాడు. ఈ సంగతి కొంచెం గుర్తుపెట్టుకోండి.

చదువు మన్సీ అనే ఊళ్ళో బాల్ స్టేట్ యూనివర్సిటీ, 1969లో డిగ్రీ పూర్తి. మార్కులు అంతంత మాత్రమే. తర్వాత రోజుల్లో డబ్బొచ్చాక అదే యూనివర్సిటీలో స్కాలర్‌షిప్ పెట్టాడు, దానికి మార్కులతో పని లేదు, బుర్రలో ఏదైనా కొత్త ఆలోచన ఉంటే చాలు. చదువుకునేటప్పుడే కాలేజీ రేడియోలో శాస్త్రీయ సంగీతం వినిపించే ఉద్యోగం దొరికింది. డెబుసీ రాసిన "క్లేర్ డ లూన్" వేయాలి, ఫ్రెంచిలో వెన్నెల అని అర్థం. ఇతను మైకులో, డ లూన్ వాళ్ళ అక్కచెల్లెళ్ళు మీకు తెలుసుగా, ఒకమ్మాయి క్లేర్, ఇంకో అమ్మాయి మేబెల్ అని మొదలుపెట్టాడు. ఉద్యోగం పోయింది.

తర్వాత సొంతూళ్ళో టీవీ స్టేషన్లో చేరాడు. వాతావరణం చెప్పడం ఒక పని. వడగళ్ళు పడ్డాయి, ఒక్కొక్కటి హామ్ (పంది మాంసం) డబ్బా అంత ఉంది అనేవాడు. ఒక తుపాను బలపడి హరికేన్ అయితే, దానికి ప్రమోషన్ వచ్చినందుకు అభినందనలు చెప్పాడు. మన కోస్తాలో ఎవరైనా అలా అంటే సాయంత్రానికి చానెల్ ఆఫీసు మీద అద్దాలుండవు. ఇండియానాపొలిస్‌కి సముద్రం లేదు కాబట్టి సరిపోయింది. అయితే ఇక్కడ చూడాల్సింది ఏంటంటే, టీవీలో మనిషి ఒక గొంతు పెట్టుకుని మాట్లాడతాడు కదా, ఆ గంభీరమైన గొంతు, ఆ గొంతు అంటే ఇతనికి మొదట్నుంచీ నవ్వు. టీవీ తనను తాను పెద్దమనిషి అనుకుంటుందని అతనికి ఇరవై ఏళ్ళప్పుడే తెలిసిపోయింది. తర్వాత చేసిందంతా దాన్ని ఆటపట్టించడమే, అదీ దాని జీతం తీసుకుంటూనే.

1975లో పికప్ ట్రక్కు వేసుకుని లాస్ ఏంజెలెస్ వెళ్ళాడు. సన్‌సెట్ బూలెవార్డ్‌లో కామెడీ స్టోర్ అని క్లబ్బు, దాని యజమాని మిట్జీ షోర్. అక్కడే లెనో, రాబిన్ విలియమ్స్, రిచర్డ్ లూయిస్, ఇంకా చాలామంది. జిమ్మీ వాకర్ అనే కమెడియన్‌కి అప్పుడు టీవీలో మంచి పేరుండేది, అతను జోకులు రాయడానికి పెట్టుకున్న కుర్రాళ్ళలో లెటర్‌మన్, లెనో ఇద్దరూ ఉన్నారు. కామెడీ స్టోర్‌లో లెటర్‌మన్‌కి బాగా కుదిరింది ఎంసీ పని. ఒకరి సెట్ అయ్యాక ఇంకొకరిని పిలవడం, మధ్యలో తాగొచ్చి అరిచేవాడికి జవాబు చెప్పడం, చచ్చిన హాలుని లేపడం. మన దగ్గర ఎంసీ స్లాట్ ఇస్తే చిన్నబుచ్చుకుంటారు, నాకు తెలుసు, నా సెట్ ఎప్పుడు అని అడుగుతారు. ఇతనికి టీవీ ఉద్యోగం నేర్పింది ఆ ఎంసీ స్లాటే. హోస్ట్ అంటే ఏంటి, పక్కవాడి సెట్ బాగా రావాలి, రాకపోతే నువ్వు మోయాలి.

ఇంకో సంగతి. ఆ క్లబ్బులో కమెడియన్లకి పైసా ఇచ్చేవాళ్ళు కాదు. డ్రింకులు అమ్ముడవుతున్నాయి, టికెట్లు అమ్ముడవుతున్నాయి, వెయిట్రస్‌కి డబ్బులొస్తాయి, జోకులు చెప్పేవాడికి మాత్రం "ఎక్స్‌పోజర్". (నవ్వులు, చప్పట్లు) ఆ చప్పట్లు ఎవరు కొట్టారో వాళ్ళ బాధ నాకర్థమైంది. ఇది కాలేజీ లాంటిది, ఇక్కడ మీరు నేర్చుకుంటున్నారు, కాలేజీలో స్టూడెంట్‌కి జీతమిస్తారా అనేది మిట్జీ షోర్ వాదన. 1979లో కమెడియన్లు సమ్మె చేశారు. బోర్డులు పట్టుకుని క్లబ్బు బయట నిలబడ్డారు, టామ్ డ్రీసెన్ అనే కమెడియన్ వాళ్ళ తరఫున మాట్లాడాడు. లెటర్‌మన్ అప్పటికే దేశంలో నంబర్ వన్ షోలో కనిపిస్తున్నాడు, ఆ క్లబ్బు ఇచ్చే డబ్బు అతనికి లెక్కలోది కాదు, పైగా మిట్జీ షోర్ అతన్ని బాగా చూసుకుంది. అయినా వెళ్ళి లైన్లో నిలబడ్డాడు. కొన్ని వారాల తర్వాత సెట్‌కి 25 డాలర్లు ఇవ్వడానికి ఒప్పందం కుదిరింది. మొత్తం చిన్నదే. కానీ ఊరికే ఇచ్చేదానికీ, డబ్బు తీసుకుని ఇచ్చేదానికీ తేడా అక్కడ మొదలైంది.

ఇది ఇక్కడితో అయిపోలేదు. 2007 నవంబర్లో హాలీవుడ్ రచయితలు సమ్మె చేస్తే అర్ధరాత్రి షోలన్నీ ఆగిపోయాయి. లెటర్‌మన్ షోకి సొంతదారు అతని కంపెనీయే, పేరు "వరల్డ్‌వైడ్ ప్యాంట్స్", అలాంటి పేరే పెడతాడు. ఆ కంపెనీ రచయితల సంఘంతో విడిగా ఒప్పందం చేసుకుని, వాళ్ళు అడిగినవి ఒప్పుకుని, 2008 జనవరి 2న తన రచయితలతో సహా తిరిగొచ్చింది. పోటీ చానెల్లో ఇలాంటి షోలే నడిపే లెనో, కోనన్ ఓబ్రయన్ అదే రోజు రచయితలు లేకుండా రావాల్సి వచ్చింది. లెటర్‌మన్ సమ్మెకి గుర్తుగా పెద్ద గడ్డంతో వచ్చాడు. నాకు ఈ మనిషిలో నచ్చనివి చాలా ఉన్నాయి, వాటి దగ్గరికీ వస్తాను, ఈ విషయంలో మాత్రం ముప్పై ఏళ్ళు మాట మార్చలేదు.

వెనక్కి వెళ్దాం. 1978 నవంబర్లో మొదటిసారి జానీ కార్సన్ "టునైట్ షో"లో చేశాడు. కార్సన్ గురించి ఈ తరానికి కొంచెం చెప్పాలి. 1962 నుంచి 1992 దాకా అమెరికా నిద్రపోయే ముందు చూసిన మొహం అది. కొత్త కమెడియన్ అయిదు నిమిషాల సెట్ చేశాక కార్సన్ సోఫా వైపు చెయ్యి ఊపి రమ్మన్నాడంటే మర్నాడు ఫోన్లు మోగుతాయి. జోకు పేలనప్పుడు మొహంలోంచి నవ్వు రాబట్టడంలో కార్సన్‌ని మించినవాడు లేడు, లెటర్‌మన్‌లో తన లక్షణం తనకే కనిపించిందేమో, కొన్ని నెలల్లోనే తను సెలవు పెట్టిన రోజుల్లో ఆ కుర్చీలో కూర్చోమన్నాడు.

1980లో, కార్సన్ షో వచ్చే ఎన్‌బీసీ చానెలే ఇతనికి ఉదయం పూట షో ఇచ్చింది. జూన్ 23న మొదలైంది, అక్టోబర్ 24న ఆపేశారు. పొద్దున్నే వంటలూ గృహాలంకరణా చూద్దామని టీవీ పెట్టిన ఇల్లాళ్ళకి ఈ వంకర నవ్వు ఎక్కలేదు. ఆపేసిన తర్వాత రెండు ఎమ్మీలు, అంటే టీవీ అవార్డులు, వచ్చాయి, అది వేరే కామెడీ. ఆ షోకి హెడ్ రైటర్ మెరిల్ మార్కో, అప్పట్లో అతని జీవిత భాగస్వామి కూడా. పెంపుడు జంతువుల తెలివితక్కువ విన్యాసాలు, స్టూడియో వదిలి వీధిలోకి కెమెరా పట్టుకెళ్ళడం, ఇలా మనం "లెటర్‌మన్ స్టైల్" అంటున్నదాంట్లో పెద్ద భాగం ఆవిడ బుర్రలోంచి వచ్చింది. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, చాలామంది చెప్పరు.

1982 ఫిబ్రవరి 1. రాత్రి పన్నెండున్నరకి "లేట్ నైట్ విత్ డేవిడ్ లెటర్‌మన్". మొదటి అతిథి నటుడు బిల్ మరీ. ఇక్కడ నాకు చాలా ఇష్టమైన భాగం ఉంది, కొంచెం ఎక్కువసేపు చెప్తాను, ఏమనుకోకండి.

ఈ షో కార్సన్ షో అయిపోగానే వస్తుంది, కార్సన్ కంపెనీకి దీంట్లో వాటా ఉంది. కాబట్టి షరతులు పెట్టారు. మా షోలా ఉండకూడదు. మొదట్లో హోస్ట్ ఒక్కడే నిలబడి వరసగా జోకులు చెప్పే పొడుగాటి మోనోలాగ్ వద్దు. బ్యాండులో బాకాలు వద్దు, నలుగురు చాలు. కార్సన్ పక్కన ఎడ్ మెక్‌మహన్ కూర్చునేవాడు కదా, మన బుర్రకథలో హాస్యం చెప్పే వంతలాగా కథకుడు ఏమన్నా తాన అనేవాడు, అలాంటి మనిషి వద్దు. కార్సన్ దగ్గరికి మామూలుగా వచ్చే పెద్ద స్టార్లని లాక్కోవద్దు. అంటే టాక్ షోకి కావాల్సిన సామానంతా తీసేసి, ఇప్పుడు టాక్ షో చెయ్ అన్నారు. నిర్మాతలు మీతో ఇలాంటివే అంటారు, రేపు చూడండి.

ఏం చేశాడు? లేనివాటి చోట చెత్త పెట్టాడు. ఒంటినిండా వెల్‌క్రో కుట్టించుకుని గంతేసి గోడకి అతుక్కుపోయాడు, ఇది 1984. నీళ్ళలో వేస్తే పొంగే ఆల్కా సెల్ట్‌జర్ మాత్రలు అతికించిన సూటు వేసుకుని నీళ్ళ తొట్టిలో దిగాడు, బుసబుసా పొంగాడు. అయిదంతస్తుల బిల్డింగ్ మీంచి పుచ్చకాయలు కింద పడేశాడు, అవి పగులుతుంటే స్లో మోషన్లో చూపించాడు. కోతి వీపుకి కెమెరా కట్టి స్టూడియోలో వదిలాడు. ఒక రాత్రి షో అంతా తెరమీద బొమ్మ మెల్లగా గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, సగానికొచ్చేసరికి హోస్టూ అతిథులూ తలకిందులు, మళ్ళీ చివరికి నిటారు. స్టార్లు లేరు కాబట్టి కాల్వర్ట్ డిఫారెస్ట్ అనే పెద్దాయన్ని తీసుకొచ్చి లారీ "బడ్" మెల్‌మన్ అని పేరు పెట్టాడు. ఆయనకి క్యూ కార్డు, అంటే చెప్పాల్సిన మాటలు రాసి చూపించే కార్డు, చదవడం కూడా సరిగా రాదు. తడబడతాడు, తప్పు చోట ఆగుతాడు, తనే ముందు నవ్వేస్తాడు. న్యూయార్క్ బస్ టెర్మినల్‌కి పంపి, దిగే ప్రయాణికులకి వేడి తువాళ్ళు ఇవ్వమన్నారు. మీకు నవ్వు రాకపోవచ్చు, యూట్యూబ్‌లో చూడండి, ఆ మనిషి ఏ క్షణాన ఏం చెడగొడతాడో అని చూస్తూ కూర్చుంటాం. వేరే షోలో అయితే ఎడిటింగ్‌లో పోయేదంతా ఈ షోలో అసలు సరుకు.

1985 నుంచి టాప్ టెన్ లిస్టు. దాని గురించి పెద్దగా చెప్పను, ఇప్పుడు ప్రతి యూట్యూబ్ చానెలూ అదే చేస్తోంది.

1986లో జనరల్ ఎలక్ట్రిక్ (జీఈ) అనే కంపెనీ ఎన్‌బీసీని కొనేసింది. కొత్త యజమానులకి పళ్ళబుట్ట ఇచ్చి పలకరిద్దామని కెమెరాతో సహా వాళ్ళ ఆఫీసుకి వెళ్ళాడు. గార్డులు లోపలికి రానివ్వలేదు, కెమెరా ఆపమన్నారు. ఒక సెక్యూరిటీ ఆఫీసర్ షేక్‌హ్యాండ్ ఇవ్వబోయి సగంలో చెయ్యి వెనక్కి లాగేసుకున్నాడు. అంతే, ఆ ఒక్క ముక్కని స్లోగా తిప్పి తిప్పి చూపించి, ఇదీ జీఈ వారి అధికారిక కరచాలనం అన్నాడు. తన జీతం చెక్కు మీద సంతకం పెట్టే కంపెనీ మీద. ఇప్పుడు మన తెలుగు చానెళ్ళలో ఏ యాంకరైనా చానెల్ ఓనర్ ఇంటికి పళ్ళబుట్ట పట్టుకెళ్ళి గేటు దగ్గర షూట్ చేస్తాడా? నేను పేర్లు అడగట్లేదు, ఊరికే అడుగుతున్నాను. (నవ్వులు)

తర్వాతి కథ చాలామందికి తెలిసిందే కాబట్టి పరిగెత్తిస్తాను. కార్సన్ దిగిపోతానని 1991లో చెప్పాడు. ఆ కుర్చీ తనదే అని లెటర్‌మన్ అనుకున్నాడు, అమెరికాలో సగం మందీ అదే అనుకున్నారు. ఎన్‌బీసీ దాన్ని లెనోకి ఇచ్చింది. ఇతను పోటీ చానెల్ సీబీఎస్‌కి వెళ్ళిపోయాడు, ఏడాదికి 14 మిలియన్ డాలర్లు అని పత్రికలు రాశాయి, ఎడ్ సలివాన్ థియేటర్ కొని బాగు చేయించి ఇచ్చారు, 1964లో బీటిల్స్ వచ్చి వాయించిన థియేటర్ అది. 1993 ఆగస్టు 30న "లేట్ షో" మొదలు. టాప్ టెన్ లిస్టు లాంటివి మా మేధోసంపత్తి, అక్కడ వాడకూడదని ఎన్‌బీసీ అంది. మొదటి రోజునే ఎన్‌బీసీ వార్తల పెద్దమనిషి టామ్ బ్రోకా స్టేజీ మీదికి నడిచొచ్చి, ఈ రెండు జోకులు ఎన్‌బీసీ మేధోసంపత్తి అని కార్డులు లాక్కుని వెళ్ళిపోయాడు. మేధస్సు, ఎన్‌బీసీ ఈ రెండు మాటలూ ఒకే వాక్యంలో వింటామని ఎవరనుకున్నారు అన్నాడు లెటర్‌మన్. రెండేళ్ళు లెనో మీద గెలిచాడు. 1995 నుంచి ఓడిపోవడం మొదలై, చివరిదాకా రేటింగుల్లో ఎక్కువ కాలం రెండో స్థానమే. కావాలనుకున్న కుర్చీ ఎప్పటికీ రాలేదు.

1995 మార్చిలో ఆస్కార్ వేడుకకి హోస్ట్‌గా చేశాడు. ముందు వరసలో టీవీ హోస్ట్ ఓప్రా విన్‌ఫ్రీ, ఇంకోచోట నటి ఉమా థర్మన్. వాళ్ళిద్దర్నీ పరిచయం చేస్తున్నట్టు, ఓప్రా, ఉమా, ఉమా, ఓప్రా అని మొదలుపెట్టాడు. హాలు పెద్దగా కదల్లేదు. మర్నాడు పత్రికలు ఉతికి ఆరేశాయి. ఎన్నో ఏళ్ళ పాటు, ఆస్కార్లు వచ్చినప్పుడల్లా తన వైఫల్యం మీద తనే జోకులేసుకున్నాడు. ఒక్క రాత్రి చచ్చిన జోకు మీద ఇన్నేళ్ళు బతికినవాడు ఇంకొకడు నాకు తెలీదు.

థియేటర్ పక్క సందులో సావనీర్లు అమ్మే కొట్టు ఉండేది, అందులో బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ముజీబుర్ రహ్మాన్, సిరాజుల్ ఇస్లాం పనిచేసేవాళ్ళు. లెటర్‌మన్ కెమెరాతో ఆ కొట్లో దూరాడు, వాళ్ళిద్దరూ దేశమంతా తెలిసిన మొహాలైపోయారు, షో వాళ్ళని అమెరికా అంతా తిప్పింది. అక్కడున్న మన దక్షిణాసియా వాళ్ళు దీన్ని రెండు రకాలుగా చూస్తారు. మనవాళ్ళ యాసని చూసి నవ్వుతున్నారు అనేది ఒకటి. 1990ల అమెరికా టీవీలో మన చర్మం రంగు మనిషి దొంగగానో టెర్రరిస్టుగానో కాకుండా, కొట్లో నిలబడి తాపీగా కబుర్లు చెప్పే మనిషిగా కనిపించింది అక్కడే అనేది ఇంకొకటి. నాకు రెండూ నిజమే అనిపిస్తాయి. అయితే వాళ్ళని ఎంత ఇరికించాలని చూసినా వాళ్ళు ఇరుక్కోలేదు, ఆ ముక్కల్లో చివరికి ఇబ్బంది పడేది సూటు వేసుకున్న హోస్టే.

నాన్న గుండె గురించి చెప్పాను కదా. 2000 జనవరిలో లెటర్‌మన్‌కి బైపాస్ చేశారు, అయిదు రక్తనాళాలకి. వయసు 52. ఫిబ్రవరి 21న తిరిగొచ్చి ఆపరేషన్ చేసిన డాక్టర్లనీ నర్సులనీ స్టేజీ మీదికి పిలిచాడు. అన్నేళ్ళూ దేన్నీ సీరియస్‌గా తీసుకోని మనిషి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మరుసటి ఏడాది సెప్టెంబర్ 11 దాడుల తర్వాత, 17వ తేదీన, అర్ధరాత్రి హోస్టుల్లో అందరికంటే ముందు షో మొదలుపెట్టింది ఇతనే. ఆ రోజు మోనోలాగ్ లేదు. డెస్కు దగ్గర కూర్చుని, ఆగి ఆగి, మాటలు వెతుక్కుంటూ, నాకర్థం కావట్లేదు అని ఒప్పుకుంటూ కొన్ని నిమిషాలు మాట్లాడాడు. అది మీరు తప్పకుండా చూడాలి. ఇరవై ఏళ్ళుగా టీవీ గొంతుని వెక్కిరించినవాడికే ఆ రాత్రి మామూలు గొంతుతో మాట్లాడటం చేతనైంది.

ఇప్పుడు నచ్చని సంగతి. 2009 అక్టోబర్ 1. షోలో ఒక కథలా మొదలుపెట్టాడు: పొద్దున కార్లో ఒక ప్యాకెట్ దొరికింది, ఎవరో నన్ను బెదిరిస్తున్నారు, రెండు మిలియన్ డాలర్లు అడుగుతున్నారు. జనం నవ్వుతున్నారు, జోకు అనుకుని. కథ ముందుకెళ్ళాక చెప్పాడు, నా షోలో పనిచేసే ఆడవాళ్ళతో నాకు సంబంధాలున్నాయి, బెదిరింపు దాని గురించే అని. అప్పుడూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. బెదిరించినవాడు తర్వాత నేరం ఒప్పుకుని జైలుకెళ్ళాడు, అది చట్టం పని. నా ఇబ్బంది ఆ నవ్వుతో. చచ్చిన హాలుని లేపే విద్య ఏదైతే ఉందో, దాన్నే ఇక్కడా వాడాడు. అంత పెద్ద విషయం చెప్తూ కూడా ఎక్కడ ఆగాలో, ఎక్కడ కనుబొమ్మ ఎగరేయాలో అతనికి తెలుసు. ఆ రాత్రి నవ్వినవాళ్ళని నేను తప్పుపట్టను, వాళ్ళని నవ్వించింది అతను. ఆ ఆఫీసులో యజమాని చూపు ఎవరిమీద పడిందో లెక్కవేసుకుంటూ పనిచేసిన ఆడవాళ్ళకి మైకు లేదు. అదే నెలలో నెల్ స్కోవెల్, 1990 ప్రాంతంలో అక్కడ రచయితగా పనిచేసి మానేసిన ఆవిడ, ఒక పత్రికలో రాసింది, అక్కడి వాతావరణం ఎలా ఉండేదో. ఆ సమయానికి లెటర్‌మన్, లెనో, కోనన్ ముగ్గురి షోల్లో కలిపి ఒక్క మహిళా రచయిత కూడా లేదు. మెరిల్ మార్కో కట్టిన ఇల్లు అది, గుర్తుందిగా. పదేళ్ళ తర్వాత, 2019లో, స్కోవెల్‌తో ఎదురెదురుగా కూర్చుని ఆవిడ రాసింది చదివి క్షమాపణ చెప్పాడు. పదేళ్ళు.

ఆలస్యంగా ఒప్పుకోవడం అతనికి అలవాటే. కానీ దానికి ముందు కార్సన్ సంగతి చెప్పేస్తాను, లేకపోతే మర్చిపోతాను. రిటైరయ్యాక కార్సన్ ఇంట్లో కూర్చుని పేపర్ చదువుతూ జోకులు రాసి లెటర్‌మన్‌కి పంపేవాడట, ఇతను అప్పుడప్పుడూ వాటిని తన మోనోలాగ్‌లో కలిపేవాడు. 2005 జనవరిలో కార్సన్ పోయాడు. తర్వాత లెటర్‌మన్ తిరిగొచ్చిన రోజున మోనోలాగ్ మామూలుగానే చేశాడు, జనం నవ్వారు, అంతా అయ్యాక చెప్పాడు, మీరిప్పుడు నవ్విన జోకులన్నీ జానీ రాసి పంపినవని. కుర్చీ రాలేదు, జోకులు వచ్చాయి.

2015 మే 20న చివరి షో. తర్వాత తెల్లగడ్డం పెంచుకుని, 2016లో వాతావరణ మార్పుల మీద ఒక డాక్యుమెంటరీ సిరీస్ కోసం ఇండియా వచ్చి సౌరవిద్యుత్తు గురించి మోదీని ఇంటర్వ్యూ చేశాడు. 2018 నుంచి నెట్‌ఫ్లిక్స్‌లో పొడుగాటి ఇంటర్వ్యూలు, మొదటి అతిథి ఒబామా, మరుసటి ఏడాది షారుఖ్ ఖాన్. "లేట్ షో" స్టీఫెన్ కోల్బేర్ చేతికొచ్చింది, 2025 జులైలో సీబీఎస్ ఆ షోనే 2026 మేలో ఎత్తేస్తున్నామని ప్రకటించింది.

ఆలస్యంగా ఒప్పుకోవడం అన్నాను కదా, ఇక దానికొద్దాం: బిల్ హిక్స్ అనే కమెడియన్. ఇది స్టాండప్ చేసేవాళ్ళు వినాల్సింది. 1993 అక్టోబర్ 1న హిక్స్ లేట్ షోలో సెట్ చేశాడు. అప్పటికి లెటర్‌మన్ షోల్లో పదకొండుసార్లు చేసినవాడే. మతం మీద, అబార్షన్ వ్యతిరేకుల మీద పదునైన జోకులు. స్టూడియోలో జనం నవ్వారు. రికార్డింగ్ అయ్యాక సెట్ మొత్తం కోసేశారు, ఆ రాత్రి ప్రసారంలో హిక్స్ లేడు. అతనికి క్యాన్సర్ అని అప్పటికి చాలామందికి తెలియదు. 1994 ఫిబ్రవరి 26న చనిపోయాడు, 32 ఏళ్ళు. చానెల్ మీదో, నిర్మాత మీదో తోసేసి ఊరుకోవచ్చు, అందరూ చేసేది అదే. 2009 జనవరి 30న, అంటే పదిహేనేళ్ళ తర్వాత, లెటర్‌మన్ హిక్స్ వాళ్ళమ్మ మేరీ హిక్స్‌ని షోకి పిలిచాడు. ఆ నిర్ణయం నాదే, నాలోని అభద్రత వల్లే తీసుకున్నాను అని ఆవిడ మొహం చూసి చెప్పాడు, క్షమించమన్నాడు. ఆవిడ మర్యాదగానే కూర్చుంది, కానీ ఆ రోజుల్లో తన కొడుకు ఎంత బాధపడ్డాడో దాచలేదు, ఇతను మధ్యలో జోకేసి తప్పించుకోలేదు. తర్వాత టేపు మొత్తం వేశారు. వేసి, దీంట్లో ఏ తప్పూ లేదు, ఇది బిల్ గురించి కంటే నా గురించి ఎక్కువ చెప్తోంది అన్నాడు.

ఆ సెట్ ఆన్‌లైన్లో ఉంది, ఇంటికెళ్ళి చూడండి, వాళ్ళమ్మతో మాట్లాడిన భాగంతో సహా చూడండి. టైమ్ అయిపోయిందని అటునుంచి సైగ చేస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి. లెనో అభిమానులు ఎవరైనా ఉంటే మైకు ముందు వాళ్ళకే ఇవ్వండి, మళ్ళీ అన్యాయం జరిగిందంటారు. (నవ్వులు)